సీసపు దిమ్మను కోయొద్దు: రేడియేషన్ దగ్గర భద్రంగా మసలుకునే పద్ధతి

రేడియేషన్ కంటికి కనిపించదు, వాసన ఉండదు, ఒంటికి తగిలినా చుర్రుమనదు. అందుకే దాని విషయంలో భయం ఒకచోట, ప్రమాదం ఇంకోచోట ఉంటాయి. సెల్ టవర్ని చూసి హడలిపోయేవాళ్లు, ఛాతీ ఎక్స్‌రేకి వెనకాడేవాళ్లు చాలామంది. అదే పాత ఇనుము కొట్లో, లోపల రేడియోధార్మిక పదార్థం ఉండగల, మోయలేనంత బరువున్న సీసపు దిమ్మ దొరికితే మాత్రం కిలో రేటు లెక్కేసుకుని గ్యాస్ కట్టర్ పెట్టేస్తారు. ఈ వివరాలు ముందుగా ఆ కట్టర్ పట్టుకునే చేతుల కోసం. తర్వాత వెల్డింగ్ సైటులో పనిచేసేవాళ్ల కోసం, థైరాయిడ్‌కు రేడియోధార్మిక అయోడిన్ చికిత్స చేయించుకుని ఇంటికొచ్చిన మనిషిని చూసుకునేవాళ్ల కోసం.

సెగ వేరు, కారం వేరు

పొయ్యి పక్కన నిలబడితే సెగ తగులుతుంది. దూరం జరిగితే పోతుంది, మీ వెంట రాదు. మిరపకాయలు దంచిన చెయ్యి అలా కాదు. ఆ కారం మీతోపాటే ఇంటికొస్తుంది. కంటికి అంటుతుంది, పిల్లాడి బుగ్గకి అంటుతుంది, అన్నంలో కలుస్తుంది.

రేడియేషన్ ముప్పు కూడా ఈ రెండు రకాలే. రేడియోధార్మిక పదార్థాన్ని స్టీలు గొట్టంలో మూసి సీలు వేస్తే దాన్ని సోర్సు అంటారు. అది మూసి ఉన్నంతకాలం దాని దగ్గర తగిలేది సెగ మాత్రమే. సీలు పగిలి లోపలి పొడి బయటపడితే అది కారం. ఒంటికి, బట్టలకు అంటుతుంది, ఊపిరితో లోపలికి పోతుంది. సెగకు మందు దూరం. కారానికి మందు బట్టలు విప్పడం, కడుక్కోవడం, నోట్లోకి పోనివ్వకపోవడం. ఈ తేడా తెలియకపోతే చేసే పని తారుమారవుతుంది. ఎక్స్‌రే తీయించుకున్న మనిషిని ముట్టుకోవడానికి జంకుతారు, అతనిలో మిగిలేదేమీ లేకపోయినా. పగిలిన సోర్సు పొడిని మాత్రం చేత్తో ఊడ్చేస్తారు.

కిరణాల్లో ఆల్ఫాను కాగితం ముక్క ఆపుతుంది, చర్మం పైపొర కూడా ఆపుతుంది. కానీ ఆల్ఫా పదార్థం ఊపిరితిత్తుల్లోకి చేరితే తీవ్రంగా దెబ్బతీస్తుంది. బీటా కొన్ని మిల్లీమీటర్ల అల్యూమినియంతో ఆగుతుంది, ఒంటి మీద పడితే చర్మాన్ని కాలుస్తుంది. గామా, ఎక్స్ కిరణాలు ఒంట్లోంచి దూసుకుపోతాయి. వాటిని సీసం, కాంక్రీటు తగ్గిస్తాయి. సెల్ టవర్, మైక్రోవేవ్ ఓవెన్, అల్ట్రాసౌండ్, ఎమ్మారై ఈ జాబితాలోకి రావు. వాటికి అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి లేదు.

కొలతలు

సోర్సు ఎంత బలమైనదో బెకరెల్‌లో, పాత లెక్కలో క్యూరీలో చెబుతారు. ఒక క్యూరీ అంటే 3,700 కోట్ల బెకరెల్‌లు. మనిషికి తగిలిన డోసును సీవర్ట్‌లో కొలుస్తారు. సీవర్ట్ చాలా పెద్దది కాబట్టి రోజువారీ మాటల్లో మిల్లీసీవర్ట్ (వెయ్యోవంతు), మైక్రోసీవర్ట్ (పదిలక్షల వంతు) వాడతారు.

నేల, గాలి, ఆకాశం, తిండి వల్ల ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ అందుతాయి. ఒక ఛాతీ ఎక్స్‌రేకి 0.1 కంటే తక్కువ. కడుపు సీటీ స్కాన్‌కి 8 నుంచి 10 దాకా. ప్రకృతి నుంచి వచ్చేది, వైద్యం కోసం తీసుకునేది పక్కనపెడితే, మామూలు జనానికి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ పరిమితి. రేడియేషన్ ఉద్యోగులకు ఐదేళ్ల సగటున ఏడాదికి 20, మన దేశంలో ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఈ నియమాలు పెట్టేది, సోర్సులకు లైసెన్సులిచ్చేది 1983లో ఏర్పడిన ముంబయిలోని అణుశక్తి నియంత్రణ మండలి, అందరూ ఏఈఆర్‌బీ అంటారు.

ఒంటి మొత్తానికి ఒక్కసారిగా 1,000 మిల్లీసీవర్ట్‌లు తగిలితే వికారం, వాంతులు రావచ్చు. 4,000 దగ్గర చికిత్స లేకపోతే సుమారు సగం మంది బతకరు. సీటీ స్కాన్‌కీ దీనికీ మధ్య ఉన్న అంతరం గుర్తుపెట్టుకుంటే ఆస్పత్రి భయం చాలామటుకు సర్దుకుంటుంది.

దూరం ఎంత పనిచేస్తుందో లెక్క చూడండి

కాపాడేవి మూడు: తక్కువ సమయం, ఎక్కువ దూరం, మధ్యలో అడ్డు. వీటిలో ఎవరికైనా, ఎక్కడైనా, పైసా ఖర్చు లేకుండా దొరికేది దూరం. చిన్న సోర్సు నుంచి దూరం రెట్టింపైతే డోసు నాలుగోవంతుకు పడిపోతుంది, పది రెట్లైతే వందోవంతుకు.

వెల్డు అతుకులో లోపాలను ఫిల్ము మీద చూసే వెల్డింగ్ ఎక్స్‌రేకి వాడే 20 క్యూరీల ఇరిడియం-192 సోర్సును తీసుకోండి. అది చూపుడు వేలి గోరు కంటే చిన్నది. అడ్డు లేకపోతే ఒక మీటరు దూరంలో గంటకు సుమారు 96 మిల్లీసీవర్ట్‌లు. పది మీటర్లలో గంటకు 1. వంద మీటర్లలో 10 మైక్రోసీవర్ట్‌ల లోపు. ఇప్పుడు ఇటు దగ్గరికి రండి. ఒక సెంటీమీటరు దూరంలో గంటకు 960 సీవర్ట్‌లు, అంటే నిమిషానికి 16 సీవర్ట్‌లు. చేత్తో తీసి జేబులో వేసుకుంటే జరిగేది అదే. 1999లో పెరూలోని యనాంగోలో ఒక వెల్డరు నేలమీద పడి ఉన్న ఇరిడియం సోర్సును మామూలు లోహపు ముక్క అనుకుని వెనక జేబులో పెట్టుకున్నాడు. కొన్ని గంటలే. చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది.

సోర్సును ఎప్పుడూ చేత్తో తాకకూడదు. ఒకటిన్నర మీటర్ల పటకారు పట్టుకున్నా, వేళ్లకు తగిలే డోసు సెంటీమీటరు దూరంతో పోలిస్తే ఇరవై వేల వంతుల్లో ఒక వంతుకు తగ్గిపోతుంది.

అడ్డు విషయంలో చాలామంది చేసే తప్పు: ఎక్స్‌రే గదిలో వేసుకునే లెడ్ ఏప్రన్ తొడుక్కుని గామా సోర్సు దగ్గరికి వెళ్లడం. ఏప్రన్లో ఉండేది అర మిల్లీమీటరు సీసానికి సమానం. ఎక్స్‌రే యంత్రపు బలహీన కిరణాలకు అది బాగా సరిపోతుంది. ఇరిడియం గామాను సగానికి తగ్గించాలంటేనే దాదాపు 5 మిల్లీమీటర్ల సీసం కావాలి, కోబాల్ట్-60కైతే 12. ఏప్రన్ ఉందన్న ధైర్యంతో ఎక్కువసేపు నిలబడటమే అక్కడ అసలు నష్టం.

పాత ఇనుము కొట్లో

2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్లో ఒక యంత్రాన్ని విప్పారు. అది ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగం 1968లో కొని, 1985 నుంచి వాడకుండా మూలన పడేసి, చివరికి వేలంలో అమ్మేసిన గామా యంత్రం. లోపల కోబాల్ట్-60 కడ్డీలున్నాయి. ముక్కలు ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకు వెళ్లాయి, ఒక ముక్క ఒకరి పర్సులోకి చేరింది. ఒకరు చనిపోయారు, మరికొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్లు, అంటే అన్నేళ్లకోసారి సగమవుతుంది. నలభై ఏళ్లకు అసలు బలంలో సుమారు రెండొందల వంతు మాత్రమే మిగులుతుంది. ఆ మిగిలినదే మనిషిని చంపింది. "పాతది కదా, చచ్చిపోయి ఉంటుంది" అనే మాట నమ్మకండి.

గుర్తుపట్టే తీరు ఇది. మొదటి లక్షణం సైజుకు మించిన బరువు. ఫుట్‌బాల్ అంత గట్టి సీసపు దిమ్మ 60 కిలోలు దాటుతుంది, అదే సైజు ఇనుము 45 లోపే. చిన్న డ్రమ్ములా ఉండి ఇద్దరు కలిసినా కదలకపోతే అనుమానించండి. రెండోది, ఒక పక్క మాత్రమే రంధ్రం, దానికి షట్టరు పిడి, తాళం, లేదా గట్టిగా బిగించిన బిరడా. మూడోది, పసుపు మీద నలుపు మూడు రెక్కల గుర్తు, లేదా రేకు మీద కోబాల్ట్, సీజియం, ఇరిడియం, అమెరీషియం పేర్ల పక్కన 60, 137, 192, 241 అంకెలు. పెయింటు రాలిపోయి గుర్తు చెరిగిపోవచ్చు, కాబట్టి గుర్తు లేదు కనుక భయం లేదనుకోకూడదు. 2007 నుంచి ఇంకో గుర్తు కూడా వచ్చింది: ఎర్ర త్రికోణంలో కిరణాలు, పుర్రె, పరిగెత్తే మనిషి. దాన్ని విప్పితేనే కనిపించే చోట పెడతారు. అది మీ కంటపడిందంటే మీరు ఇప్పటికే ఎక్కువ విప్పేశారు.

ఇలాంటివి ఎక్కణ్నుంచి వస్తాయి? మూతపడిన క్యాన్సర్ ఆస్పత్రి కోబాల్ట్ యంత్రం, సిమెంటు, ఉక్కు, కాగితం ఫ్యాక్టరీల్లో తొట్టి మట్టం కొలిచే గేజీలు, కాలేజీ ల్యాబుల వేలం సరుకు. సిమెంటు ఫ్యాక్టరీలు ఎక్కువున్న మన రెండు రాష్ట్రాల్లో పాత ప్లాంటు మొత్తాన్ని లాటుగా కొనేవాళ్లు గేజీల గురించి ముందే అడగాలి. ఏఈఆర్‌బీ అనుమతి కాగితం చూపించలేని అమ్మకందారు దగ్గర ఆ భాగం కొనకండి.

అనుమానం వచ్చాక చేయాల్సిన పని, ఈ వరుసలోనే:

1. చేస్తున్న పని అక్కడే వదిలేయండి. కోస్తున్న మంటను ఆర్పి కట్టర్ కింద పెట్టేయండి. వస్తువును సర్దడం, గోతిలో పాతిపెట్టడం, నీళ్లలో వేయడం వద్దు. ప్రతి పనీ మిమ్మల్ని దానికి దగ్గరగా ఎక్కువసేపు ఉంచుతుంది.

2. అందరినీ కనీసం 30 మీటర్లు దూరం పంపండి. పొడి చిందినట్లుంటే 100 మీటర్లు, మంటలంటుకుంటే 300. గాలి ఎటు వీస్తోందో చూసి, గాలి వచ్చే వైపుకి వెళ్లండి. గోడ, ఇనుప దుంగల గుట్ట లాంటిది మధ్యలో ఉంటే ఇంకా మంచిది.

3. 112కి ఫోన్ చేసి "రేడియేషన్ వస్తువు అనుమానం" అని ఆ మాటే వాడి చెప్పండి. "ఏదో పాత సామాను" అంటే మామూలు కానిస్టేబుల్ వచ్చి చేత్తో తిప్పి చూస్తాడు. పోలీసుల ద్వారా ఏఈఆర్‌బీకి, జాతీయ విపత్తు స్పందన దళానికి కబురు వెళ్తుంది.

4. ఎవరినీ ఇంటికి పోనివ్వకండి, లారీని కదలనివ్వకండి. ఏదైనా ముక్క అమ్మేసి ఉంటే ఎవరికి, ఎప్పుడు అన్నది వెంటనే చెప్పండి. కేసు భయంతో దాస్తే కొన్నవాడి ఇంట్లో పిల్లలు దానితో ఆడుకుంటుంటారు.

5. ఒక కాగితం మీద రాయండి: ఎవరు ముట్టుకున్నారు, ఏ చేత్తో, ఎన్ని నిమిషాలు, ఎంత దూరంలో నిలబడ్డారు, ఎవరికి ఏ సమయానికి వాంతి అయింది. డోసు అంచనా వేసేటప్పుడు డాక్టరుకు ఈ కాగితం చాలా అవసరం.

6. పొడి అంటి ఉంటే పైబట్టలు విప్పి కవర్లో మూటకట్టి దూరంగా పెట్టండి. ఒళ్లు కడుక్కునేదాకా తినడం, తాగడం, బీడీ, గుట్కా అన్నీ బంద్.

పొడి ఎంత దూరం పోతుందో బ్రెజిల్‌లోని గోయానియా చూపించింది. 1987 సెప్టెంబరులో పాడుబడిన ఆస్పత్రిలోంచి తెచ్చిన యంత్రాన్ని తుక్కు కొట్లో పగలగొట్టారు. లోపల సీజియం-137 పొడి చీకట్లో నీలంగా మెరిసింది. అది చూసి ముచ్చటపడి బంధువులకు, స్నేహితులకు పంచారు, కొందరు ఒంటికి రాసుకున్నారు. నలుగురు చనిపోయారు, లక్షా పన్నెండు వేల మందిని పరీక్షించాల్సి వచ్చింది, 249 మందికి పొడి అంటినట్లు తేలింది. మెరిసే పొడి కనబడితే దగ్గరికి వెళ్లకూడదన్న ఒక్క ముక్క తెలిసి ఉంటే చాలు.

జబ్బు ఎలా బయటపడుతుంది

ఇక్కడే డాక్టర్లు కూడా మోసపోతారు. ఎక్కువ డోసు తగిలినవాళ్లకు గంటల్లో వాంతులు, నీరసం, కొందరికి విరేచనాలు వస్తాయి. కలుషిత ఆహారం అనుకుని మందిచ్చి పంపేస్తారు. ఒకటి రెండు రోజుల్లో అవి తగ్గిపోయి మనిషి బాగానే తిరుగుతాడు. ఆ బాగుండటం నిజం కాదు. లోపల ఎముక మజ్జ దెబ్బతిని ఉంటుంది. రెండు మూడు వారాల్లో జుట్టు రాలడం, జ్వరం, రక్తస్రావం మొదలవుతాయి. సోర్సు తాకిన చోట చర్మం ముందు ఎర్రబడుతుంది, రోజులు గడిచాక బొబ్బలెక్కి పుండవుతుంది. కాలిన గుర్తు ఉంటుంది, కాల్చిందేమిటో గుర్తుండదు.

వాంతి ఎంత త్వరగా వస్తే డోసు అంత ఎక్కువ. గంటలోపే వస్తే పరిస్థితి తీవ్రం. ఆస్పత్రిలో అడగాల్సిన పరీక్ష మామూలు రక్తపరీక్షే: లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల సంఖ్యతో సహా పూర్తి రక్తకణాల లెక్క. మొదటి రెండు రోజుల్లో ఆరు నుంచి పన్నెండు గంటలకోసారి చేయించాలి. ఒక్కసారి చేసిన లెక్క కంటే అది పడిపోయే వేగమే ఎక్కువ చెబుతుంది. సెగ మాత్రమే తగిలిన రోగిని ముట్టుకుంటే ఎవరికీ ఏమీ కాదు, చికిత్స ఆలస్యం చేయొద్దని నర్సులకు నచ్చజెప్పండి. పొడి అంటి ఉన్నా ముందు ప్రాణం, తర్వాతే కడగడం.

వెల్డింగ్ సైటులో గామా కెమెరా

పైపులైన్లు, బాయిలర్ల దగ్గర, గల్ఫ్ రిఫైనరీల్లోనూ మనవాళ్లు చాలామంది ఈ పని పక్కనే ఉంటారు. బరువైన పెట్టెలోంచి తీగ తిప్పి సోర్సును గొట్టం గుండా వెల్డు దగ్గరికి పంపుతారు, ఫిల్ము పడ్డాక వెనక్కి లాగుతారు. ఆపరేటర్ కాని వాళ్లకు నియమం ఒక్కటే: చుట్టూ కట్టిన తాడు, ఎర్ర దీపం దాటకూడదు. పని ఆలస్యమవుతోందని సూపర్‌వైజర్ చెప్పినా సరే.

ఆపరేటర్లకు మాత్రం ప్రమాదం దాదాపుగా ఒకే చోట పొంచి ఉంటుంది. క్రాంకు వెనక్కి తిప్పాం కాబట్టి సోర్సు లోపలికి వచ్చేసిందనుకోవడం. గొట్టం సొట్టపడినా, తీగ కొక్కెం ఊడినా సోర్సు బయటే ఉండిపోతుంది, చేతికి మాత్రం క్రాంకు మామూలుగానే తిరుగుతుంది. కాబట్టి ప్రతి షాటు తర్వాత, నూరోది అయినా సరే, రేడియేషన్ కొలిచే మీటరు పట్టుకుని దాన్నే చూసుకుంటూ నడవండి. ముందు కెమెరా, తర్వాత గొట్టం చివరిదాకా. రీడింగు తగ్గాల్సిన చోట తగ్గకపోతే వెనక్కి రండి, తాడు ఇంకా దూరం జరపండి, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ని పిలవండి. వెతకడం మీ పని కాదు.

మీటరులో ఒక మోసం ఉంది. కొన్ని గీగర్ మీటర్లు బలమైన రేడియేషన్‌లో ఉక్కిరిబిక్కిరై సున్నా చూపిస్తాయి. అందుకే దూరంలో ఉన్నప్పుడే ఆన్ చేయాలి, ముల్లు లేస్తూ లేస్తూ హఠాత్తుగా పడిపోతే అది శుభవార్త కాదు. బ్యాటరీ, క్యాలిబ్రేషన్ (మీటరు సరిగ్గా చూపిస్తోందో సరిచూసిన) తేదీ రోజూ పొద్దున్నే చూసుకోండి. మామూలు చోట గంటకు 0.1, 0.2 మైక్రోసీవర్ట్‌లు చూపించడం సహజం.

ఒంటికి తగిలిన డోసును లెక్కగట్టే టీఎల్‌డీ బ్యాడ్జీ ఛాతీ మీద పెట్టుకోవాలి, ఏప్రన్ వేసుకుంటే దాని లోపల. ఎక్స్‌రే గదిలో గోడకు తగిలించి ఇంటికెళ్తే లేని డోసు మీ పేరున ఎక్కుతుంది. లాకర్లో దాచి పనికెళ్తే ఉన్న డోసు లెక్కకు రాదు. బ్యాడ్జీ కవచం కాదు, లెక్కల పుస్తకం.

ఆస్పత్రి నుంచి ఇంటికి

పెట్ స్కాన్‌లో ఇచ్చే ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలు. ఆ సాయంత్రం చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకోకుండా, నీళ్లు బాగా తాగి తరచూ మూత్రానికి వెళ్తే సరిపోతుంది. థైరాయిడ్‌కు ఇచ్చే అయోడిన్-131 అలా కాదు, దాని అర్ధాయువు 8 రోజులు, చెమట, ఉమ్ము, మూత్రం ద్వారా బయటికొస్తుంది. అంటే ఇక్కడ రోగి దగ్గర సెగా ఉంది, కారమూ ఉంది.

ఎన్ని రోజులన్నది ఇచ్చిన మోతాదును బట్టి ఆస్పత్రి రాసిస్తుంది. ఆ రోజుల్లో విడిగా పడుకోవాలి, పిల్లలకు, గర్భిణులకు రెండు మీటర్ల దూరం. మగవాళ్లు కూడా కూర్చునే మూత్రం పోయాలి, మూత వేసి రెండుసార్లు నీళ్లు వదలాలి. కంచం, గ్లాసు, తువ్వాలు వేరు, బట్టలు వేరుగా ఉతకాలి. పాలిచ్చే తల్లి చికిత్సకు ముందే ఈ బిడ్డకు పాలు పూర్తిగా మాన్పించాలి. విమానాశ్రయాల్లో డిటెక్టర్ మోగొచ్చు, ఆస్పత్రి ఉత్తరం దగ్గర ఉంచుకోండి. వేరే గదిలో ఉన్న మనిషిని గుమ్మంలోంచి పలకరించండి, ఫోన్ చేయండి. దూరం పెట్టమన్నది ఒంటినే, మనిషిని కాదు.

ఎక్స్‌రే, సీటీకి వెళ్లే ఆడవాళ్లు గర్భం అనుమానం ఉంటే గదిలోకి వెళ్లకముందే చెప్పాలి. పాత స్కాన్ ఫిల్ములు తీసుకెళ్తే చాలాసార్లు రెండో సీటీ తప్పుతుంది.

అణు కేంద్రంలో ప్రమాదం జరిగితే

పరుగెత్తి రోడ్డెక్కడం మొదటి తప్పు. ఇంట్లోకి వెళ్లి కిటికీలు, తలుపులు మూసి, ఫ్యాన్లు, ఏసీ ఆపి మధ్య గదిలో ఉండండి. ఇటుక గోడల ఇల్లు రేకుల షెడ్డు కంటే ఎంతో నయం. బయటి నుంచి వచ్చినవాళ్లు గుమ్మంలోనే పైబట్టలు విప్పితే అంటిన దానిలో చాలా భాగం వాటితోపాటే పోతుంది. గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో మెల్లగా స్నానం చేయాలి. పీచుతో గీకితే చర్మం చిట్లి పొడి లోపలికి దిగుతుంది. తలకు షాంపూ వాడొచ్చు, కండిషనర్ వద్దు, అది పొడిని వెంట్రుకకు పట్టి ఉంచుతుంది. అధికారులు చెప్పేదాకా ఆరుబయటి ఆకుకూరలు, ఆ ఊరి పాలు ముట్టకండి. చెర్నోబిల్‌లో పిల్లల థైరాయిడ్ క్యాన్సర్లకు ముఖ్య దారి పాలే.

పొటాషియం అయోడైడ్ మాత్ర థైరాయిడ్‌ను ముందే మామూలు అయోడిన్‌తో నింపుతుంది, రేడియోధార్మిక అయోడిన్‌కు చోటుండదు. పెద్దలకు 130 మిల్లీగ్రాములు, ఒక నెల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు 32, నెల లోపు పసికందుకు 16. అధికారులు చెప్పినప్పుడే వేసుకోవాలి. అది సీజియాన్ని ఆపదు, బయటి సెగను ఆపదు. 2011లో ఫుకుషిమా ప్రమాదం తర్వాత చైనాలో జనం అయోడిన్ ఉప్పు బస్తాలు కొని దాచుకున్నారు. ఒక్క మాత్రలోని అయోడిన్ కోసం, గ్రాముకు 15 మైక్రోగ్రాములున్న ఉప్పు ఆరున్నర కిలోల పైనే తినాలి.

బోరు నీళ్లలో యురేనియం

కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది కాబట్టి ఈ ప్రశ్న ఆ చుట్టుపక్కల తరచూ వస్తుంది. నీళ్లలో కరిగిన యురేనియం వల్ల ముందుగా దెబ్బతినేది కిడ్నీలు, అదీ రేడియేషన్ కంటే రసాయన విషంగానే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. నీళ్లు కాస్తే యురేనియం పోదు, ఆవిరైన నీటి మేరకు ఇంకా చిక్కబడుతుంది. గుడ్డలో వడకట్టినా, పటిక వేసి తేర్చినా చాలదు. ఆర్వో ఫిల్టరు పనిచేస్తుంది, కానీ పొర పాతబడితే దాటి వచ్చేస్తుంది. ల్యాబులో పరీక్షకు ఇచ్చేటప్పుడు బోరు నీళ్లు ఒక సీసాలో, ఫిల్టరు నుంచి వచ్చిన నీళ్లు ఇంకో సీసాలో, రెండూ ఇవ్వండి. రెండో సీసా ఫలితం చూసే పొర మార్చాలో లేదో తేల్చుకోండి.